పొగ రాని కారు

మా పక్కింటి కుర్రాడు ఈమధ్య ఒక పాత డీజిలు కారు కొన్నాడు. బ్యాంకులో ఉద్యోగం, వడ్డీలూ చక్రవడ్డీలూ నోటితోనే లెక్కకట్టేస్తాడు, కానీ కారు దగ్గరికొచ్చేసరికి రంగు చూసి కొన్నాడు. రోజూ పొద్దున్నే, నేను కాఫీ కోసం అరుగుమీద కాచుకుని కూచునే వేళకి, అది మొదలుపెడుతుంది. కర్‌ర్‌ర్... కర్‌ర్‌ర్... కర్‌ర్‌ర్... గొంతులో కఫం తెగక ముసలాడు అవస్థపడుతున్నట్టు. కుర్రాడు తాళంచెవి తిప్పుతాడు, ఆగుతాడు, ఇష్టదైవాన్ని తలుచుకుంటాడు, మళ్లీ తిప్పుతాడు. మా గుంటూరు వీధుల్లో సలహాలకెప్పుడూ కరువు లేదు. బ్యాటరీ అని ఒకాయన, చలికి బిగుసుకుందని ఇంకొకాయన (గుంటూరులో చలి!), అసలు వాస్తు ప్రకారం కారు ఉత్తరం వైపు తిప్పి పెట్టాలని మూడో ఆయన. నేను మాత్రం నోరు విప్పను. తెలియక కాదు. ఆ చప్పుడు వినగానే నా చెవులు వేడెక్కుతాయి. చేతులు వాటంతటవే పంచెకి తుడుచుకుంటాయి. నాలిక మీదికి డీజిలు రుచి వస్తుంది. డీజిలు రుచి తెలిసినవాణ్ణి ఈ వీధిలో నేనొక్కణ్ణే అనుకుంటాను. మొదట జిడ్డు, తర్వాత చేదు, ఆ తర్వాత బతికున్నంతకాలం సిగ్గు.

అరవైల్లో సంగతి. మా బావకి, అంటే మా పెద్దక్క మొగుడికి, చిలకలూరిపేట దగ్గర పత్తి జిన్నింగు మిల్లు ఉండేది. గింజనీ దూదినీ విడదీసే మిల్లన్నమాట. నేను చదువు మానేసి అక్క ఇల్లు చేరాను. మానేశాననడం నా గొప్ప కోసం. థర్డ్ ఫారంలో, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతిలో, లెక్కల పరీక్షే నన్ను మానేసింది. మిల్లులో నాకు ఫలానా పని అని ఉండేది కాదు. ఎవరు పిలిస్తే వాళ్ల పని నాది, ఎవరూ పిలవకపోతే అందర్నీ ఆటపట్టించడం నాది. బావ గొంతు అనుకరించి గోడవతల నుంచి కేకేస్తే గుమస్తా పరిగెత్తుకొచ్చేవాడు. అలాంటి నన్ను ఒక దారిలో పెట్టింది మనిషి కాదు, కారు.

ఆ కారు ఏ జమీందారో వాడి వదిలేసిన పెద్ద నల్ల కారు. లోపల కూచుంటే పందిట్లో కూచున్నట్టుండేది. పెట్రోలు మాత్రం బర్రె కుడితి తాగినట్టు తాగేది. బావ ఆలోచించి ఆలోచించి, దాని పెట్రోలు ఇంజను పీకించి, బెజవాడలో ఒక షెడ్డులో డీజిలు ఇంజను ఎక్కించాడు. దాంతో అది పైకి జమీందారు, లోపల లారీ అయింది. పేటలో జనం వెనక లారీ వస్తోందని పక్కకి తప్పుకుని, కారుని చూసి, మరి లారీ ఏదిరా అని వెతుక్కునేవాళ్లు. ఇంజను ఎక్కించినన్నాళ్లూ నేను ఆ షెడ్డులోనే పడుకుని, కాళ్లకీ చేతులకీ అడ్డంపడుతూ పని నేర్చుకున్నాను. అప్పట్నించీ దాని డ్రైవర్ని నేనే, మెకానిక్కుని నేనే, కడిగి తుడిచేవాణ్ణీ నేనే. ఒక ఖాకీ చొక్కా కూడా కుట్టించారు. అది వేసుకుంటే నాకు నేనే సెల్యూట్ కొట్టుకోవాలనిపించేది.

ఆ కారుకి మా ఇంట్లో ఒక మర్యాద జరిగేది. డీజిలు డబ్బాల్లో వచ్చేది. దాన్ని కారు ట్యాంకులో పోసేటప్పుడు అడుగునున్న మడ్డి పోకుండా వడకట్టాలి కదా. లోకంలో అందరూ గరాటు మీద పాత పంచెగుడ్డ వేసి వడకట్టేవాళ్లు. మా బావకి అది నామోషీ. "దూది మిల్లు పెట్టుకుని గుడ్డపేలిక వాడతామట్రా? గుడ్డలో అయితే దుమ్మే ఆగుతుంది. దూదిలో పాపం కూడా ఆగుతుంది" అనేవాడు. గరాటు గొంతులో మంచి తెల్లటి దూది కూరి, దాంట్లోంచి పోయించేవాడు. మాకెవరికీ అందులో వింత కనపడలేదు. మా మిల్లులో చెవిపోటుకి దూది, దెబ్బకి దూది, దీపానికి దూది, కిటికీ సందులో ఎలుక దూరకుండా దూది. చేపలు పట్టేవాళ్లకి ఒంటిమీది నీచు వాసన తెలియనట్టు, మా ఒంటిమీది దూది మాకు తెలిసేది కాదు. తల్లో, కనుబొమల్లో, అన్నంలో కూడా ఉండేది.

ఇదుగో ఈ కారే, ఆ ఏడాది పత్తి తీతలు ముగిసేసరికి, పొద్దున పూట మొండికెయ్యడం మొదలుపెట్టింది. నేనొక ఉపాయం కనిపెట్టాను. మిల్లు ముందు లారీల్లోకి దూది బేళ్లు ఎక్కించడానికి మట్టీ రాళ్లూ పోసి కట్టిన ఏటవాలు దిమ్మ ఉండేది. సాయంత్రం కారుని దానిమీదికి ఎక్కించి పెట్టేవాణ్ణి. పొద్దున గేరులో వేసి కిందికి వదిలితే, దొర్లుతూ దొర్లుతూ స్టార్టయ్యేది. దాంతో రోగం ఏమిటో చూడాల్సిన అవసరమే లేకపోయింది. కారు బాగుందని బావ అనుకున్నాడు. నేను తెలివైనవాణ్ణని నేను అనుకున్నాను.

అలాంటి రోజుల్లో నాకొక సంబంధం వచ్చింది. దర్శి దగ్గర ఒక ఊరు. ప్రకాశం జిల్లా అనేది అప్పటికింకా పుట్టలేదు. పిల్ల తండ్రి బడిపంతులు, నాలుగెకరాల మిరపచేను, బావి, దానిమీద నీళ్లు తోడే ఆయిలింజను. పిల్ల ఒక్కతే. పెళ్లిచూపులకి బావా, అక్కా, నేనూ బయల్దేరాం. ఇంటిదగ్గరే బావ షరతు పెట్టాడు: "నువ్వివాళ పెళ్లికొడుకువి. స్టీరింగు మీద చెయ్యేశావో విరగ్గొడతా." ఆయన టెరిలిన్ చొక్కా నాకు తొడిగారు. అది నా ఒంటిమీద వానలో గొడుగులా నిలబడింది. నా ఖాకీ చొక్కానీ, స్పానర్లనీ ఒక గోనెగుడ్డలో చుట్టి వెనక డిక్కీలో దాచేశారు. ఆ మూటని దాస్తున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. అద్దంకి దాటి గుండ్లకమ్మ వెనకపడ్డాకగానీ బావ అసలు సంగతి చెప్పలేదు.

"ఒరేయ్, వాళ్లేమైనా అడిగితే నువ్వు మిల్లు మేనేజరువి. ఎస్సెల్సీ ఫస్టుక్లాసు."

"ఎస్సెల్సీ ఎప్పుడు పాసయ్యాను బావా?"

"నిన్న. మధ్యవర్తికి చెప్పేశా."

"వాళ్లు బడిపంతులు ఇంటివాళ్లండీ, ఇట్టే పట్టేస్తారు" అంది వెనక సీట్లోంచి అక్క.

"పడితే పట్టనీ. పెళ్లికి శుభలేఖ అడుగుతారు గానీ సర్టిఫికెట్టు అడుగుతారా? ఒరేయ్, నువ్వు మటుకు నోరు తెరవకు. నీ నోరే మనకి గండం."

ఆ ఊళ్లో అడుగుపెట్టగానే మొదట ఎదురొచ్చింది ఘాటు. కోతలయిన మిరపకాయల్ని ఇళ్లముందూ, రోడ్డుమీదా, ఎక్కడ జానెడు చోటుంటే అక్కడ ఆరబోశారు. వీధి మధ్యలో బండిచక్రాలు పట్టేంత దారి వదిలి, అటూ ఇటూ ఎర్రటి పరుపులు పరిచినట్టుంది. ఊళ్లోవాళ్లకి అలవాటే కాబట్టి హాయిగా తిరుగుతున్నారు. మేం ముగ్గురం మాత్రం తుమ్ముకుంటూ దిగాం. ఆడపిల్లని చూడ్డానికి వస్తూ తుమ్ముకుంటూ దిగడం ఏ శాస్త్రంలోనూ శుభం కాదు. పంతులుగారి తల్లి, పిల్లకి నాయనమ్మ, గడపలో నిలబడి, "మా ఊరి తుమ్ముకి దోషం లేదులే, రండి నాయనా" అని దారి ఇచ్చింది. ఆవిడ గొంతు రెండు వీధులకి సరిపోయేది.

పిల్ల చాపమీద తలొంచుకుని కూచుంది. నాకు పాపిటా, కాలి పట్టీలూ తప్ప ఏమీ కనపడలేదు. నేను మళ్లీ తుమ్మినప్పుడు మాత్రం ఆ వంచిన తల కింద భుజాలు రెండూ కదిలాయి. పంతులుగారు నెమ్మదస్తుడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఏం చదువుకున్నారు బాబూ?" అన్నారు. నా నోట్లో అప్పుడే పెట్టుకున్న మైసూరుపాకు ఉంది. "ఎస్సెల్సీ అండి, ఫస్టుక్లాసు. మిల్లు మొత్తం వీడి చేతిమీదే నడుస్తుంది" అన్నాడు బావ. నేను నములుతూ తలూపాను. అబద్ధం నేనాడలేదు, నమిలానంతే. కానీ ఆ మైసూరుపాకు గొంతు దిగడానికి మంచినీళ్లు చాలలేదు. లెక్కల్లో మార్కులెన్ని అని అడుగుతారని భయపడ్డాను. ఆశ్చర్యంగా ఆయన అడగలేదు. "అమ్మాయి?" అని బావే అడిగితే, "మా అమ్మాయి కూడా... ఎస్సెల్సీయే" అని ఇంకోసారి కళ్లజోడు తుడుచుకున్నారు. నా అదృష్టం బాగుందనుకున్నాను.

లేచేముందు బావ, దారిలో అయిపోతుందేమో, కాస్త డీజిలు దొరుకుతుందా అని అడిగాడు. పంతులుగారు బావి దగ్గరి డ్రమ్ములోంచి ఒక డబ్బాడు తెప్పించి ఇచ్చారు. బావ డిక్కీలోంచి గరాటు తీసి, ట్యాంకుకి పెట్టి, దాంట్లో దూది కూరి, చుట్టూ చేరిన జనానికి కనపడేలా చెయ్యెత్తి మరీ పోయించాడు. "మా మిల్లు దూదండీ ఇది. వెన్న" అన్నాడు. అక్కకి బొట్టుపెట్టి తాంబూలం ఇచ్చారు. "వెళ్లొస్తాం, ఉత్తరం రాస్తాం" అనే మాట కూడా అయిపోయింది. బావ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, స్టీరింగు ముందు దొరలా కూచుని తాళంచెవి తిప్పాడు.

కర్‌ర్‌ర్... కర్‌ర్‌ర్... కర్‌ర్‌ర్...

ఊరంతా చదును నేల. ఏటవాలు లేదు. తొయ్యడానికి మనుషులకి కొదవలేదు గానీ, బండి పట్టేంత దారిలో మా జమీందారు పట్టదు. వచ్చేటప్పుడు ఎవరో పుణ్యాత్ములు కాయలు పక్కకి లాగి దారిచ్చారు. మేం లోపల కూచున్నంతలో మళ్లీ పరిచేశారు. ఒక ముసలి రైతు వచ్చి, "తొయ్యండి, తొక్కండి, మాకేం. కాయ చిట్లి ఆ గింజలు లేచాయంటే మీతోపాటు ఊరంతా ఏడవాల, అంతే" అన్నాడు. బావ దిగలేదు. తిప్పుతూనే ఉన్నాడు. పిల్లలు చేరారు. ఆడవాళ్లు గోడలమీంచి తలలు పెట్టారు. పెళ్లిచూపులకి వచ్చి నేను పిల్లని సరిగ్గా చూడలేదు గానీ, ఊరు ఊరంతా నన్ను చూసింది.

ఇక్కడొక ఆచారం సంగతి చెప్పాలి. సంబంధం ఖాయం కాకుండా పిల్ల ఇంట మగపెళ్లివాళ్లు అన్నం తినరు. పలహారం వరకే. అన్నం తిన్నారంటే ఒప్పుకున్నట్టే. పొద్దు నడినెత్తికి వస్తోంది. లోపల్నించి పప్పు తాలింపు వాసన వస్తోంది. వాకిట్లో కూచున్నవాళ్లని తినమనడానికి వాళ్లకి లేదు, ఆకలవుతోందనడానికి మాకు లేదు. పంతులుగారు గుమ్మంలోకీ వీధిలోకీ తిరుగుతున్నారు. నాయనమ్మ మాత్రం పైకే అనేసింది: "పస్తు పంపితే పాపం, పెడితే సంబంధం. ఏం చెయ్యమంటారు నాయనా?"

బావ కిటికీలోంచి తలపెట్టి, వీధంతా వినేటట్టు అన్నాడు: "మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీ డీజిల్లో ఏదో తేడా ఉంది. కిరసనాయిలు కలిపి మీకు అంటగట్టి ఉంటారు."

పంతులుగారి మొహం మాడిపోయింది. చేసిన మర్యాదకి నలుగురిలో ఆ మాట పడాల్సి రావడం! నేను సీట్లో అంగుళం అంగుళం కిందికి జారాను. ఆ రోజు మొత్తమ్మీద నాకు అన్నిటికంటే పెద్ద సిగ్గు అదే. ఎందుకంటే ఈ మొండితనం ఆ ఊరి డీజిలుది కాదనీ, ఎన్నాళ్లనించో మా వాకిట్లో ఏటవాలు మీద దొర్లుతూ దాక్కున్నదనీ నాకు తెలుసు. నోరు తెరిచి ఆ మాట చెబితే డ్రైవర్నని తేలిపోతుంది. మేనేజర్లకి ఇలాంటివి తెలియవు.

నాయనమ్మ ఊరుకోలేదు. "ఆ డ్రమ్ములోదే తాగి మా ఇంజను పొద్దున్నే మిరపమళ్లు తడిపొచ్చింది నాయనా. మీ కారుకి పథ్యం కాలేదేమో!"

వీధి నవ్వింది. ఆ నవ్వులోనే తలుపు వెనకనించి ఒక గొంతు వినపడింది. "నాయనమ్మా, తిప్పుతున్నప్పుడు వెనక గొట్టంలోంచి పొగొస్తుందేమో చూడమను."

నాయనమ్మ దాన్ని పదింతలు చేసి అందించింది. "ఏమయ్యా, పొగొస్తందా అని అడుగుతంది మా పిల్ల!"

"పొగెందుకమ్మా? స్టార్టయ్యాక వస్తుంది పొగ" అన్నాడు బావ.

"కాదని చెప్పు నాయనమ్మా. తెల్లపొగ వస్తే డీజిలు అందుతోంది, మండట్లేదు అని. పొగే రాకపోతే డీజిలే అందట్లేదు అని. ఊరికే తిప్పి బ్యాటరీ చంపుకోవద్దను."

తండ్రి బడికిపోతే బావిమీది ఇంజను నడిపేది ఆ పిల్లేనట. తర్వాత తెలిసింది. నేను అప్పటికే వెనక అద్దంలోంచి ఆ గొట్టం వైపే చూస్తూ ఉన్నాను. పొగ లేదు, ఆవిరైనా లేదు. కర్‌ర్‌ర్ అనేది కాస్తా క్ర్... క్ర్... అంటోంది. ఇంకో నాలుగు తిప్పులు తిప్పితే బ్యాటరీ కూడా పడుకుంటుంది. అప్పుడు ఎడ్లని కట్టి అద్దంకి దాకా లాక్కెళ్లాల్సిందే. నేను తలుపు తీసుకుని దిగాను.

"ఒరేయ్, ఎక్కరా! ఎక్కు!" అన్నాడు బావ పళ్లబిగువున.

"బ్యాటరీ పోయిందంటే ఇక్కడే కాపరం పెట్టాలి బావా. తాళం తీసెయ్."

డిక్కీలోంచి మూట తీశాను. టెరిలిన్ చొక్కా విప్పి అక్క చేతికిచ్చాను. నా దురదృష్టం, దాని కింద ఏ బనీను వేసుకున్నానో పొద్దున ఎవరూ చూడలేదు. అది బనీనని చెప్పుకోవడానికి చిల్లుల మధ్యన కొంచెం గుడ్డ మిగిలింది, అంతే. అక్క తలతిప్పుకుంది. పిల్లలు చిల్లులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. గబగబా ఖాకీ చొక్కా తొడుక్కుంటే, "ఓరి, డ్రైవరా!" అని ఎవరో అన్నారు. నేను తలెత్తలేదు. బానెట్టు ఎత్తితే తల దాచుకోవడానికి చోటు దొరికినట్టయింది.

డీజిలు ఇంజనుకి ఆకలైతే ఎక్కడ ముద్ద ఆగిందో వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. నోటిదగ్గర్నించి కంచం దాకా. ముందు ఫిల్టరు మీద గాలి వదిలే స్క్రూ తిప్పి, పంపు పక్కనున్న చేతిమీట కొట్టాను. డీజిలు ఉంటే బుడగలతో పొంగి రావాలి. ఒక్క చుక్క రాలేదు. అంటే అక్కడిదాకా రావడంలేదు. ట్యాంకు నుంచి పంపుకొచ్చే గొట్టం ఊడదీశాను. ఎండిపోయి ఉంది. ఇంక మిగిలింది ఒకటే. గొట్టానికి నోరు పెట్టి వెనక్కి ఊదాలి. దారి బాగుంటే ట్యాంకులో బుడబుడమని వినపడుతుంది. వినడానికి ఎవరైనా కావాలి. బావ కళ్లద్దాల వెనక రాయిలా కూచున్నాడు. నాయనమ్మే వచ్చి ట్యాంకు మూత తీసి చెవి పెట్టింది.

బుగ్గలు బూరెల్లా ఉబ్బేదాకా ఊదాను. "వినపడటల్లేదు నాయనా. ఇంకొంచెం. పెళ్లి కుదరకముందే సన్నాయి పెట్టినట్టుంది మా వీధిలో" అందావిడ. వీధి మళ్లీ నవ్వింది. నేను అందర్నీ ఆటపట్టించేవాణ్ణి కదా, నలుగురి నవ్వుకీ అవతల వైపున నిలబడితే ఎలా ఉంటుందో ఆ పూట తెలిసింది. ఊదితే లాభంలేక, కళ్లు మూసుకుని ఒక్క పట్టు పీల్చాను. లోపల ఏదో జారింది. ఆ వెంటనే నోటినిండా డీజిలు. దాంతోపాటు ఇంకేదో, మెత్తగా, పీచుగా, నాలికకి చుట్టుకుంది.

ఉమ్మేసి, నాలిక మీంచి దాన్ని లాగాను. తడిసి నల్లబడ్డ పోగు. జిన్నింగు మిల్లుల్లో పనిచేసినవాళ్లకి ఒక పాడలవాటు ఉంటుంది. చేతికి చిటికెడు దూది తగిలితే చాలు, రెండు బొటనవేళ్ల మధ్యా పట్టి లాగి, పింజ పొడుగు, అంటే పోగు నాణ్యం, చూస్తాం. నిద్రలో దిండు చిరిగినా చూస్తాం. ఆ క్షణంలో నా వేళ్లు నన్నడక్కుండా ఆ పని చేసేశాయి. నోరు కూడా నన్నడక్కుండా అనేసింది: "పొడుగు పింజ. మన సరుకే బావా."

నాయనమ్మ నా చేతిలోని పోగు చూసింది, డిక్కీ దగ్గర పడున్న గరాటు చూసింది, దాంట్లో కూరిన దూది చూసింది. "ఓరి నాయనో! మా డ్రమ్ములో పత్తి ఎప్పుడు పండిందిరా!" అంది. ఈసారి నవ్విన నవ్వుకి మిరపకాయల మీది కాకులు లేచాయి. గరాటులోంచి డీజిలు దిగినప్పుడల్లా ఒక్కో పోగు దాంతోపాటు లోపలికి దిగి, ఎన్నాళ్లనించో అడుగున పోగుపడి, ఆ రోజు పైనించి పోసిన డీజిలుకి కదిలి గొట్టం గొంతులో కూచుంది. ఇంకేముంది, వంకర తీగె పెట్టి ట్యాంకులోంచి లాగుతుంటే పత్తికాయ పగిలినట్టు వస్తూనే ఉంది. ఒక్కొక్క ముద్ద వచ్చినప్పుడల్లా పిల్లలు ఓ అని అరిచారు. పంతులుగారు మాత్రం నవ్వలేదు. ఆయన అటు తిరిగి నిలబడ్డారు. అది మా పరువు కోసమని నాకు అర్థమై, నవ్వినవాళ్లకంటే ఆయన వీపే నన్ను ఎక్కువ కాల్చింది.

గొట్టం బిగించి, గాలి బుడగలన్నీ పోయేదాకా మీట కొట్టి, స్క్రూ బిగించి, "ఇప్పుడు తిప్పు బావా, ఒక్కసారే" అన్నాను. బ్యాటరీ కొసప్రాణంతో క్ర్... అంది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ ఒక ఊపు వచ్చింది. తలుపు వెనకనించి "వచ్చింది!" అని ఒక కేక. ఆ వెంటనే ఇంజను దడదడమని అందుకుంది. ఆ దెబ్బకి లేచిన మిరప ఘాటుకి ఊళ్లోవాళ్లు కూడా తుమ్మారు. ఆ రోజు మొత్తానికి నాకు కలిగిన తృప్తి అదొక్కటే.

పంతులుగారు చెంబుతో నీళ్లూ, కుంకుడు పొడీ తెచ్చి నా చేతులమీద తనే పోశారు. మోచేతిదాకా నలుపు. పోస్తూ, బావకి వినపడనంత నెమ్మదిగా అడిగారు: "ఏం చదువుకున్నారు బాబూ?"

ఇప్పుడు నోట్లో మైసూరుపాకు లేదు. "థర్డ్ ఫారం, మాస్టారూ. లెక్కల్లో పోయింది."

ఆయన నీళ్లు పోయడం ఆపారు. కళ్లజోడు తీశారు, తుడుచుకోవడానికి పైపంచె కొస అందుకున్నారు, తుడవకుండానే మళ్లీ పెట్టుకున్నారు. "మా అమ్మాయి ఎస్సెల్సీ కూర్చుంది. అంతవరకు నిజం. పాసవలేదు. దానికీ లెక్కలే."

"నాన్నా!" అంది తలుపు.

"వాళ్లు నూరుపాళ్లూ చెప్పేశాక మనకెందుకమ్మా ఇంకా" అన్నారాయన. ఊరందరి పిల్లలకీ లెక్కలు చెప్పే మనిషి ఆ మాట వీధిలో నిలబడి అనడం ఎంత కష్టమో, చేతుల్నిండా నురగతో నిలబడ్డ నాకు తెలిసింది. ఒక సిగ్గుకి తోడుగా ఇంకో సిగ్గు వచ్చి పక్కన నిలబడితే రెండిటి బరువూ కొంచెం తగ్గుతుంది. నాయనమ్మకి అవేవీ పట్టలేదు. "ఇద్దరికీ లెక్కలు రావు గదా, ఇంక పేచీ దేనికొస్తది? లేవండి, విస్తళ్లు వేశాను" అంది.

అన్నం అంటే ఏమిటో అందరికీ తెలుసు. అక్క నావైపు చూసింది. బావ స్టీరింగు వదల్లేదు. హారను కొట్టాడు. "ఎక్కరా! ఇంజను ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదో. ఎక్కు, పోదాం!" ఆయన భయం ఇంజను గురించి కాదు. ఆ వీధిలో ఇంకో నిమిషం కూచోలేకపోతున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, నాకు తిండిపెట్టి పెంచినవాడు, ఆ చెవులు ఎంత ఎర్రబడ్డాయో వెనకనించి కనపడుతూనే ఉంది. ఆయన మాట నేను అంతవరకు దాటలేదు. ఇంజను దడదడ కొట్టుకుంటోంది. లోపల విస్తళ్లు. తలుపు వెనక ఆ పిల్ల.

పాత డీజిలు ఇంజను తాళం తీసినంతమాత్రాన ఆగదు. ఆపడానికి వేరే ఒక గుబ్బ ఉంటుంది, దాన్ని లాగాలి. నేను కారు దగ్గరికి వెళ్లి, కిటికీలోంచి చెయ్యిపెట్టి, బావ మోకాలి పక్కనించి ఆ గుబ్బ లాగేశాను. ఇంజను ఒక్కసారి ఒళ్లు విదిలించి ఆగిపోయింది. ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"ఏంట్రా ఇది?" అన్నాడు బావ.

"ఆకలేస్తోంది బావా. రా."

ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత దిగాడు. పంతులుగారి ఎదురుగా నిలబడి, "మీ డీజిలు మంచిదేనండీ" అన్నాడు. ఆయనకి చేతనైన క్షమాపణ అది. "మీ దూది కూడా మంచిదేనండీ" అన్నారు పంతులుగారు.

ఆ భోజనం గురించి నేను గొప్పగా చెప్పుకోలేను. కందిపప్పు, గోంగూర, గడ్డపెరుగు, ఏది కలిపినా డీజిలు. మూడుసార్లు లేచి చేతులు కడుక్కున్నా పోలేదు. పెళ్లికొడుకు మాటిమాటికీ పెరట్లోకి పరిగెత్తడం చూసి వడ్డించేవాళ్లు ఇంకోరకంగా అర్థం చేసుకున్నారు. చివరికి తలుపు వెనకనించి, "పుల్లమజ్జిగతో కడుక్కోమను నాయనమ్మా" అని వచ్చింది. సగం పోయింది. మిగతా సగంతోనే తాంబూలం వేసుకున్నాను. వెళ్లేటప్పుడు స్టీరింగు ముందు నేనే కూచున్నాను, ఖాకీ చొక్కాతోనే. బావ వెనక సీట్లో అక్క పక్కన ఒదిగి కూచున్నాడు. ఊళ్లోవాళ్లే కాయలు పక్కకి లాగి దారిచ్చారు. కాస్తంత ఊపిరి కూడగట్టుకున్న బ్యాటరీని నమ్ముకుని తాళంచెవి తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. వీధి చప్పట్లు కొట్టింది. నేను మాత్రం అద్దంకి దాకా తల ఎత్తలేదు. ఆ చప్పట్లు కారుకో, బనీనుకో తెలియలేదు మరి.

చాలా ఏళ్లపాటు ఈ కథ నేనెవరికీ చెప్పలేదు. ఎవరైనా మీ పెళ్లి ఎలా కుదిరిందంటే మాట మార్చేవాణ్ణి. బావ అయితే పోయేదాకా ఆ ఊరి పేరెత్తలేదు. డీజిలు మాత్రం పంచెగుడ్డలో వడకట్టించాడు. మొన్న పొద్దున మళ్లీ పక్కింటి కారు కర్‌ర్‌ర్ మంటుంటే, కాఫీ గ్లాసు తెచ్చి నా పక్కన పెడుతూ మా ఆవిడ గోడమీంచి కేకేసింది: "బాబూ, తిప్పుతున్నప్పుడు వెనక పొగొస్తోందా?" రావట్లేదు మామ్మగారూ అన్నాడు కుర్రాడు. ఆవిడ నావైపు తిరిగింది. భుజాలు కదిలాయి, ఆనాడు చాపమీద కదిలినట్టే. నేను లేచి లోపలికెళ్లి, చొక్కా విప్పి, బనీను ఒకసారి చూసుకుని కుర్రాడి కారు దగ్గరికి బయల్దేరాను. డీజిలు వాసన చేతుల మీంచి ఏ రోజున పోయిందో నాకు గుర్తులేదు. సిగ్గు కూడా అలాగే పోయి ఉంటుంది, ఏ రోజునో కాలం దాన్ని కడిగేసి, నాకు చెప్పడం మరిచిపోయింది.